అమరిల్లిస్ లిల్లీ: ఒక్క దుంప నుంచి కుండీలు నిండేదాకా

ఫిబ్రవరిలో ఎండ ముదిరే వేళకు, ఒక్క ఆకు కూడా లేని దుంప నుంచి లావుపాటి కాడ లేస్తుంది. ఉగాదికి అటూ ఇటూగా దాని చివర రెండు నుంచి నాలుగైదు పెద్ద పూలు విచ్చుకుంటాయి. నర్సరీల్లో దీన్ని అమరిల్లిస్ అంటారు, చాలా ఇళ్లలో ఉత్త లిల్లీ అంటారు. పూలకొట్లో దండలకు అమ్మే తెల్ల లిల్లీ వేరు, అది నేలసంపెంగ. మనం మాట్లాడుకునేది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన హిప్పియాస్ట్రమ్ గురించి.

వసంతంలో పూసే దుంపలు అని నెట్లో వెతికితే ముందు తులిప్, డాఫోడిల్ వస్తాయి. వాటికి 9 డిగ్రీల లోపు చలి వరసగా 12 నుంచి 16 వారాలు తగలాలి. లంబసింగిలో మంచు పడే రాత్రులు కూడా ఆ లెక్కకు చాలవు. ముందే చలిలో ఉంచిన తులిప్ దుంప కొంటే హైదరాబాద్‌లో ఒకసారి పూస్తుందేమో. మళ్లీ పూయించి, పిల్ల దుంపలు పెట్టించడం మన మైదానాల్లో కుదరని పని, దాని మీద డబ్బు పెట్టొద్దనే చెబుతాను. అమరిల్లిస్‌కి ఆ చలి అక్కర్లేదు. కొన్ని వారాలు నీళ్లు ఆపితే చాలు.

సాదా నారింజ-ఎరుపు రకం కడియం నర్సరీల్లోనూ, ఊళ్లో పక్కింటి పెరట్లోనూ తేలిగ్గా దొరుకుతుంది. అది తనంతట తానే పిలకలు పెడుతుంది. ముద్ద పూల రకాలు, తెలుపు గులాబీ కలిసిన రకాలు ఖరీదెక్కువ, పిలకలు తక్కువ. ఒక్క దుంప నుంచి ఎక్కువ దుంపలు చేసుకునే పద్ధతి ఏదన్నది ఈ తేడాని బట్టే ఎంచుకోవాలి.

దుంప లోపల ఏముంది

పాడైన దుంప ఒకటి దొరికితే నిలువునా కోసి చూడండి. ఉల్లిపాయలాగే పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొర ఒకప్పటి ఆకు మొదలు. ఆ పొరలన్నీ అడుగున ఒక గట్టి బిళ్లకు అతుక్కుని ఉంటాయి. వేర్లు ఆ బిళ్ల నుంచి పుడతాయి, పిలకలు ఆ బిళ్ల మీద పొరల సందుల్లో పుడతాయి. దాన్ని ఇక్కడ అడుగు బిళ్ల అని పిలుస్తాను, ఎందుకంటే కింద చెప్పబోయే ప్రతి కోతా దాని చుట్టూనే తిరుగుతుంది. కొంచెమైనా బిళ్ల అంటిపెట్టుకుని ఉన్న ముక్క మొక్కవుతుంది. బిళ్ల లేని పొర ఎంత లావుగా, ఎంత తాజాగా ఉన్నా కుళ్లిపోతుంది.

ఇంకో సంగతి. దుంప లోపల సుమారు నాలుగు ఆకులకు ఒక పూమొగ్గ చొప్పున తయారవుతుంది. ఆ మొగ్గ పుట్టినప్పటి నుంచి కాడగా బయటికి వచ్చేసరికి దాదాపు ఏడాది పడుతుంది. అంటే వచ్చే ఉగాదికి పూసే పువ్వు ఈ ఏడు వేసవిలోనూ వానల్లోనూ పెరిగిన ఆకుల కష్టం. పూలు అయిపోగానే ఆకులు కోసి కుండీ నీటుగా చేసేవాళ్లకి మరుసటి ఏడు పూలు రాకపోవడానికి కారణం ఇదే. ఆకు తనంతట తాను పసుపు తిరిగేదాకా కత్తెర పెట్టొద్దు.

పిల్లలు కావాలా, పూలు కావాలా

రెండూ ఒకే నిల్వ నుంచి రావాలి. అయిదారేళ్లుగా ఎవరూ కదపని గుబురులో ఆకులు దట్టంగా ఉంటాయి, పూలు మాత్రం ఒకటో రెండో. ‘ఎరువు ఎంత వేసినా పూయట్లేదు’ అని నర్సరీలో అడిగేవాళ్లలో చాలామంది సమస్య ఎరువు కాదు, ఇరుకు. టేపు తీసుకుని దుంప నడుము చుట్టుకొలత చూడండి. సుమారు 20 సెంటీమీటర్లు లేని దుంప పూయడం అరుదు. ఇరుకు గుబురులో అన్నీ 12, 14 దగ్గర ఆగిపోయి ఉంటాయి.

అందుకని కుండీలను రెండు రకాలుగా విడదీసుకోవడం మంచిది. పూల కుండీల్లో పక్కన పుట్టే పిలకల్ని ఏటా తీసేయాలి. పిల్లల కోసం పెట్టుకున్న తల్లి దుంపకు పూకాడ జానెడు లేవగానే తుంచేయాలి. మనసొప్పకపోతే కాడను కోసి నీళ్ల గ్లాసులో పెట్టండి, పూలు అందులోనూ విచ్చుకుంటాయి. ఒకే కుండీ నుంచి పూలూ పిల్లలూ పుష్కలంగా రావాలనుకుంటే రెంటికీ లోటు తప్పదు.

ఏ దుంపను తల్లిగా పెట్టుకోవాలి

ఇక్కడ కాస్త కఠినంగా ఉండాలి. పిలక అయినా ముక్క అయినా తల్లికి నకలే, తల్లికున్న జబ్బుతో సహా. అమరిల్లిస్‌కి మొజాయిక్ వైరస్ సాధారణం. ఆకు మీద లేతాకుపచ్చ, పసుపు చారలు నిలువుగా, మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి. ఆకును ఎండకు ఎదురుగా పట్టుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. దీనికి మందు లేదు. పేనుబంక దాన్ని ఒక మొక్క నుంచి ఇంకోదానికి మోస్తుంది, మనం వాడే కత్తి కూడా మోస్తుంది. అలాంటి దుంప ఎంత పెట్టి కొన్నదైనా కంపోస్టు గుంటలో వేయకుండా చెత్తలో పారేయండి. పువ్వు బాగుంది కదా అని ఒక మూల ఉంచుకునేవాళ్లు ఉన్నారు. ఆ మూల నుంచే మిగతా కుండీలకు అంటుతుంది.

రెండోది ఎర్రమచ్చ తెగులు. ఇది శిలీంధ్రం వల్ల వస్తుంది. ఆకు మీద, కాడ మీద ఎర్రటి చారలు పడి, ఆ చోట కాడ వంకర తిరుగుతుంది. దుంప పైపొర మీద చిన్న ఎర్రటి గీత ఉంటే కంగారు పడక్కర్లేదు, గాయమైన చోట ఈ దుంప ఎర్రబారుతుంది. ఎరుపు లోపలి పొరల్లోకి దిగి, ఆ చోట గుంట పడితేనే తెగులు అనుకోవాలి. అలాంటి దుంపను పాడైన పొరలు తీసేసి, మందు నీళ్లలో ముంచి బతికించుకోవచ్చు. కోతకు మాత్రం ఎంచుకోవద్దు.

పట్టుకుంటే గట్టిగా ఉండాలి, మెడ దగ్గర నొక్కితే మెత్తగా తగలకూడదు, అడుగు బిళ్ల పొడిగా వేర్లతో ఉండాలి. పోయిన సీజన్‌లో కనీసం నాలుగైదు మంచి ఆకులు వేసి ఉండాలి.

ఎప్పుడు చేయాలి

తెలంగాణలోనూ ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లోనూ దీపావళి నుంచి సంక్రాంతి దాకా మంచి అదను. వానలు వెనకబడతాయి, దుంప విశ్రాంతిలోకి జారుతుంది, కోసిన గాయం కుళ్లకుండా ఆరుతుంది. నెల్లూరు, తిరుపతి వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలే కాబట్టి అక్కడ జనవరి దాకా ఆగాలి. తుఫాను హెచ్చరిక ఉన్న వారంలో ఎక్కడైనా సరే కత్తి పట్టొద్దు.

మృగశిర కార్తెలో, తొలకరి పడ్డాక విడదీస్తే బాగా పట్టుకుంటాయని పాతవాళ్లు అంటారు. నేలలో నాటిన సాదా ఎర్ర రకానికి అది నిజమే, అది దేనికైనా తట్టుకుంటుంది. ఖరీదైన రకాలకు జూన్ తేమలో పచ్చి గాయం పెట్టడం నాకు నచ్చదు.

పద్ధతి 1: పిలకలు విడదీయడం

మొదటిసారి చేసేవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలి. కొత్త పరికరాలేమీ అక్కర్లేదు.

నవంబరు మొదట్లో నీళ్లు తగ్గించి, రెండు మూడు వారాల్లో పూర్తిగా ఆపేయండి. ఆకులు చాలావరకు వాలాక కుండీని పక్కకు పడుకోబెట్టి అంచుల మీద తట్టి, మట్టిగడ్డతో సహా మొత్తం బయటికి తీయండి. పిలకను మెడ పట్టుకుని లాగితే అది బిళ్ల లేకుండా ఊడొస్తుంది. మట్టిగడ్డను బకెట్ నీళ్లలో కాసేపు ఉంచండి. మట్టి కరిగిపోయాక ఏ వేరు ఏ దుంపదో కంటికి కనిపిస్తుంది.

ఇప్పుడు ఏవి విడదీయాలో చూడాలి. అడ్డంగా కొలిస్తే 3 సెంటీమీటర్లు ఉండి, సొంత వేర్లున్న పిలకలు తయారైనట్టు. దాన్ని వేళ్లతో పట్టుకుని పక్కకు మెల్లగా వంచితే తేలిగ్గా విడిపోతుంది. మొండికేస్తే రెండు దారులు: ఇంకో ఏడాది తల్లితోనే ఉంచడం, లేదా స్పిరిట్‌తో తుడిచిన పదునైన కత్తితో తల్లి బిళ్ల అంచు కొంచెం కలిసి వచ్చేట్టు కోయడం. మొదటిదే నయం. తల్లి దగ్గర ఏడాది పెరిగిన పిలక విడిగా రెండేళ్లలో పెరిగేంత పెరుగుతుంది.

వేర్లు కత్తిరించొద్దు. ఈ మొక్క వేర్లు లావుగా, కండగలవిగా ఉంటాయి, ఏళ్ల తరబడి బతుకుతాయి. కుళ్లినవీ, బోలుగా ఎండినవీ మాత్రమే తీసేయండి. గాయమైన చోట శిలీంధ్రనాశిని పొడి అద్ది, నీడలో గాలి తగిలేచోట రెండు మూడు రోజులు ఆరనివ్వండి. పసుపు అద్దవచ్చా అని అడుగుతారు. పిలక విడిపోయిన చిన్న గాయానికి చాలు. ముక్కల పద్ధతిలో కోసే పెద్ద కోతలకు పసుపును నమ్ముకోవద్దు.

మట్టి మిశ్రమం: ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు, కుండీకి గుప్పెడు వేపపిండి. నల్లరేగడి అసలు వద్దు, నీళ్లు పట్టి ఉంచి బిళ్లను కుళ్లిస్తుంది. పచ్చి పేడ కూడా వద్దు. చిన్న పిలకలకు 4 అంగుళాల కుండీ, పెద్దవాటికి 6 అంగుళాలది. మరీ పెద్ద కుండీలో చిన్న దుంప పెడితే వేర్లు అందని మట్టి తడిగానే ఉండిపోయి కీడు చేస్తుంది.

లోతు విషయంలో తప్పులు ఎక్కువ జరుగుతాయి. పెద్ద దుంపకు పై మూడో వంతు మట్టి బయట ఉండాలి. చిన్న పిలకకు మెడ మాత్రం బయట ఉంటే చాలు. నాటగానే మట్టి తడిసేంత ఒకసారి నీళ్లు పోసి, ఆకు మొన కనిపించేదాకా మళ్లీ పోయొద్దు. ఈ రోజుల్లోనే అతి ప్రేమ చూపించి చంపుతారు. ఇలా నాటినవి సాధారణంగా రెండేళ్లలో పూతకొస్తాయి.

పద్ధతి 2: దుంపను ముక్కలుగా కోయడం

పిలకలు అరుదుగా పెట్టే రకాన్ని పెంచాలంటే ఇదే దారి. బతికున్న దుంపను కోయాలంటే చేయి వణుకుతుంది నిజమే. ఒక దుంప పోతుంది, దాని స్థానంలో ఎనిమిది నుంచి పన్నెండు పిల్లలు వస్తాయి. రెండు దుంపలున్న రకాన్నే కోయండి. ఒక్కటే ఉంటే పిలక కోసం ఆగండి.

కావలసినవి: సన్నటి పదునైన కత్తి, స్పిరిట్, జిప్‌లాక్ కవర్లు, వర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు పలుకులు), కార్బెండజిమ్ లేదా క్యాప్టాన్ శిలీంధ్రనాశిని, చేతి తొడుగులు. తొడుగులు ఊరికే చెప్పడం లేదు. ఈ దుంప రసం కొందరికి దురద పెడుతుంది.

1. దుంపను తవ్వి కడిగి, ఎండిన గోధుమరంగు పొరలన్నీ తీసేయండి. తెల్లటి గట్టి పొరలు కనిపించాలి. ఈ పద్ధతిలో వేర్లను బిళ్ల దాకా కత్తిరించాలి. బిళ్ల అడుగున చచ్చిన భాగముంటే పలచగా చెక్కండి, బిళ్ల మాత్రం మిగలాలి.

2. పై మూడో వంతును అడ్డంగా కోసి తీసేయండి. మెడ, పాత ఆకుల మొదళ్లు పోతాయి.

3. దుంపను తలకిందులుగా పెట్టండి, బిళ్ల పైకి కనిపించేలా. బిళ్ల మధ్య నుంచి కిందికి రెండు చెక్కలుగా కోయండి. మళ్లీ నాలుగు, ఆపైన ఎనిమిది. దుంప 8 సెంటీమీటర్ల వెడల్పు దాటితే పన్నెండు, పదహారు దాకా వెళ్లొచ్చు. ప్రతి ముక్కకూ తన వాటా బిళ్ల ఉందో లేదో చూసుకోండి. నడిమధ్యలో పూమొగ్గ కనిపిస్తే తీసి పారేయండి, అది ముందు కుళ్లి మిగతావాటికి అంటిస్తుంది. ఒక దుంప పూర్తయ్యాక కత్తిని స్పిరిట్‌తో తుడవకుండా ఇంకో దుంపను ముట్టుకోవద్దు.

4. లీటరు నీటికి కార్బెండజిమ్ 1 గ్రాము, లేదా క్యాప్టాన్ 2 గ్రాములు కలిపి, ముక్కల్ని అరగంట నాననివ్వండి. తీసి పేపరు మీద నీడలో కొన్ని గంటలు ఆరబెట్టండి.

5. వర్మిక్యులైట్ పది కొలతలకు నీళ్లు ఒక కొలత. అంటే లీటరు డబ్బా వర్మిక్యులైట్‌కి సుమారు 100 మిల్లీలీటర్లు. పిడికిట్లో పట్టి పిండితే చుక్క రాకూడదు. ఈ పద్ధతి విఫలమైన చోట పదికి తొమ్మిదిసార్లు కారణం నీళ్లు ఎక్కువవడమే. పొడిగా ఉందేమో అనిపించినా పోయకండి, ముక్కలోనే కావలసినంత నీరుంది.

6. ముక్కల్నీ వర్మిక్యులైట్‌నీ కవర్లో కలిపి, కొంచెం గాలి ఉండనిచ్చి మూసేయండి. కవరు మీద రకం పేరు, తేదీ రాయండి. వెలుతురు తగలని చోట, 20 నుంచి 25 డిగ్రీల వేడి ఉండేచోట పెట్టండి. కోస్తాలో డిసెంబరులో కూడా ఏ అల్మరా అయినా పనికొస్తుంది. ఆదిలాబాద్ వైపు రాత్రి చలి గట్టిగా పడుతుంది కాబట్టి వంటింటి పై అరలో పెట్టండి.

7. వారానికోసారి కవరు తెరిచి చూడండి. మెత్తబడిన, నల్లబడిన, వాసనొచ్చే ముక్కల్ని తీసేయండి. కొన్ని పోవడం మామూలే. ముక్కలు విచ్చుకుని పొరలు ఎడం అవుతాయి, కొన్నిచోట్ల ఎర్రబడతాయి. అది మామూలే.

8. రెండు నుంచి మూడు నెలల్లో పొరల మధ్య, సరిగ్గా బిళ్ల మీద, తెల్లటి చిన్న దుంపలు కనిపిస్తాయి. కొన్నిటికి అప్పటికే ఆకు మొన ఉంటుంది. వాటిని పొరల నుంచి ఊడదీయకుండా ముక్కను ముక్కగానే నాటండి. చిన్న దుంప ఒక సెంటీమీటరు మట్టి కింద ఉండాలి, పాత పొరల కొనలు పైకి కనిపించినా పర్వాలేదు. పిల్ల ఆ పొరల్లోని నిల్వ తిని ఎదుగుతుంది, పొరలు వాటంతటవే ఎండిపోతాయి.

దీపావళి తర్వాత కోస్తే ఈ నాటే వేళకు ఫిబ్రవరి వస్తుంది. ఇక్కడే మనకూ చలిదేశాలకూ తేడా. వాళ్లు వసంతంలో పిల్లల్ని బయటపెట్టి ఎండ చూపిస్తారు. మన పిల్లలకు ముందున్నది రోహిణి కార్తె. మొదటి వేసవి మొత్తం గ్రీన్ నెట్ కింద, లేదా తూర్పు వైపు బాల్కనీలో పొద్దున్న ఎండ మాత్రమే తగిలేచోట ఉంచాలి. మిద్దె మీద సిమెంటు గచ్చుకు ఆనించి పెట్టిన చిన్న కుండీల్లో వేర్లు ఉడికిపోతాయి, కింద ఇటుకలు పెట్టండి.

వర్మిక్యులైట్ దొరక్కపోతే కడిగి ఆరబెట్టిన ముతక ఇసుక వాడొచ్చు. కోకోపీట్ వాడేవాళ్లూ ఉన్నారు. దానిలో తడి ఎంతుందో చేతికి సరిగ్గా తెలియదు, అందుకే నేను సిఫారసు చేయను. ఇదే కోతను ఇంకా సన్నగా, బిళ్ల ముక్కతో కలిపి రెండేసి పొరల జతలుగా కూడా చేస్తారు. ఒక దుంప నుంచి ఇంకా ఎక్కువ పిల్లలు వస్తాయి, అవి ఇంకా చిన్నగా ఉంటాయి, ఇంకా ఆలస్యంగా పూస్తాయి. అమ్మకానికి పెంచేవాళ్ల పని అది, ఇంటి తోటకు ఎనిమిది ముక్కలు చాలు. ముక్కల నుంచి వచ్చినవి మూడేళ్లకు అటూ ఇటూగా పూస్తాయి.

పద్ధతి 3: విత్తనం

ఇది వేరే సరదా. సంకర రకాల విత్తనం నుంచి వచ్చే మొక్క తల్లిలా ఉండదు, ఏ రంగు వస్తుందో పూసేదాకా తెలియదు. అసలు ఈ పూలల్లో మొదటి సంకర రకం ఒక ఇంటి తోట ఆసక్తి నుంచే వచ్చింది. 1799లో ఇంగ్లండ్‌లో ఆర్థర్ జాన్సన్ అనే గడియారాల పనివాడు రెండు జాతుల్ని కలిపి, ఎరుపు మీద తెల్ల చార ఉన్న పువ్వు పుట్టించాడు. అతని పేరుతోనే అది ఇప్పటికీ జాన్సన్ అమరిల్లిస్.

పువ్వు విచ్చిన వెంటనే పుప్పొడి రాలుతుంది, కానీ ఆడభాగం ఇంకా సిద్ధంగా ఉండదు. రెండు మూడు రోజులకు దాని కొన మూడు పాయలుగా విచ్చుకుంటుంది. అప్పుడు పొద్దున్నే ఇంకో రకం పువ్వు నుంచి పసుపుపచ్చటి పుప్పొడి తెచ్చి ఆ మూడు పాయల మీద అద్దండి. కొన్ని రకాలు తమ సొంత పుప్పొడికి కాయ కట్టవు, కాబట్టి రెండు వేర్వేరు మొక్కలు ఉండడం మేలు. పట్టుకుంటే పువ్వు వాడాక దాని వెనక పచ్చటి మూడు పలకల కాయ ఉబ్బుతుంది. నాలుగు నుంచి ఆరు వారాల్లో పసుపు తిరిగి పగులుతుంది. కొంచెం పగలగానే కోయండి, మే నెల గాలికి విత్తనాలు కాగితం ముక్కల్లా ఎగిరిపోతాయి.

నల్లగా, పలచగా ఉండే విత్తనాల్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మధ్యలో ఉబ్బుగా గట్టి గింజ కనిపించేవే మొలుస్తాయి, మిగతావి పొట్టు. దాచిపెట్టుకుంటే మొలకశక్తి తగ్గిపోతుంది, వెంటనే వేయాలి. తేలికైన దారి: వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి, విత్తనాల్ని తేలేట్టు చల్లి, నీడలో పెట్టడం. ఒకటి నుంచి మూడు వారాల్లో తెల్లటి వేరు దిగుతుంది. నీళ్లు రెండు రోజులకోసారి మార్చండి. వేరు రెండు సెంటీమీటర్లు వచ్చాక ట్రేలో, వేలితో గుంట చేసి, వేరు లోపలికి వెళ్లేట్టు నాటండి. మొదటి ఆకు గడ్డిపోచలా ఉంటుంది, కలుపనుకుని పీకేయకుండా ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. పూలకు మూడు నాలుగేళ్లు.

విత్తనాలు అక్కర్లేకపోతే వాడిన పూలను కాయతో సహా వెంటనే తుంచేయండి. ఆ కాయకు పోయే బలం దుంపకు మిగులుతుంది.

పిల్లల్ని పెద్ద చేయడం

మొదటి రెండేళ్లు వాటికి విశ్రాంతి ఇవ్వొద్దు. పెద్ద దుంపలకు నీళ్లు ఆపినట్టు వీటికీ ఆపితే ఒక ఏడాది ఎదుగుదల పోతుంది. ఆకు ఉన్నంతకాలం నీళ్లు, పొద్దున్న నాలుగైదు గంటల ఎండ కావాలి. పదిహేను రోజులకోసారి 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే ఎరువు) లీటరు నీటికి 2 గ్రాములు. ఆగస్టు నుంచి పొటాష్ ఎక్కువ ఉండే 0:0:50కి మారండి. ఎప్పుడూ నత్రజని మీదే పెంచితే ఆకులు ఏపుగా వస్తాయి, దుంప ఊరదు. రసాయన ఎరువులు వద్దనుకుంటే వర్మీకంపోస్టు, ఎముకల పొడి, అప్పుడప్పుడు కట్టెల బూడిద చిటికెడు.

వానాకాలంలో అసలు శత్రువు లిల్లీ పురుగు. నల్లటి ఒంటి మీద తెల్ల, ఎర్ర మచ్చలుంటాయి. గుంపుగా పుట్టి, రాత్రికి రాత్రి ఆకుల్ని మెడ దాకా తినేసి, కొన్నిసార్లు దుంపలోకి కూడా దూరుతుంది. చిన్న పిల్ల దుంపలైతే ఒక్క దాడికే పోతాయి. సాయంత్రం ఆకు అడుగు తిప్పి చూస్తూ ఉండండి. గుడ్ల గుంపు కనిపిస్తే ఆ ఆకు ముక్క తుంచేయండి, పురుగుల్ని ఏరి సబ్బు నీళ్లలో వేయండి. 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బు ద్రవంతో కలిపి చల్లితే కొత్తవి పుట్టడం తగ్గుతుంది. పెద్దగా ఎదిగిన పురుగు మీద అది పనిచేయదు, చేత్తో ఏరాల్సిందే. ఆకుల మొదట్లో తెల్లగా దూది పట్టినట్టుంటే పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి.

పక్కన పెరిగే ఇతర దుంపలు

ఫుట్‌బాల్ లిల్లీ మే నెలలో, తొలి జల్లులు పడగానే ఎర్రటి గుండ్రటి పువ్వుతో లేస్తుంది. ఆఫ్రికా మొక్క, చలికాలంలో పూర్తిగా మాయమవుతుంది. పిలకలు చాలా నెమ్మదిగా పెడుతుంది, అందుకే తొందరపడి విడదీయొద్దు. జనవరి నుంచి మార్చి మధ్య, నిద్రలో ఉన్నప్పుడే కదపాలి. ఎర్రటి పళ్లు కాస్తే గుజ్జు పూర్తిగా కడిగేసి, గింజ ఎండకముందే మట్టి మీద ఆనించి నాటండి.

రెయిన్ లిల్లీకి మార్గదర్శి అక్కర్లేదు. వానల్లో గుబురు తవ్వి, చేత్తో విడదీసి, గుంటకు నాలుగైదు చొప్పున నాటితే చాలు.

అమెరికా, బ్రిటన్‌లలో ఉండి ఇది చదివేవాళ్లకు రెండు మాటలు. క్రిస్మస్ ముందు మైనం పూసి అమ్మే అమరిల్లిస్ దుంపలకు చాలావాటికి అడుగు బిళ్లను కోసేసి, నిలబడ్డానికి తీగ గుచ్చి ఉంచుతారు. వాటి నుంచి పిల్లలు ఆశించొద్దు, కుండీలో నాటి అమ్మేవి కొనండి. డాఫోడిల్స్ అయితే పూలు తగ్గిన పాత గుబుర్లను, ఆకులు పూర్తిగా పసుపు తిరిగాక, మే చివర లేదా జూన్‌లో తవ్వాలి. చేతికి తేలిగ్గా విడిపోయేవాటినే విడదీసి, దుంప ఎత్తుకు రెండు మూడు రెట్ల లోతులో తిరిగి నాటాలి. పైపైన నాటితే ఎక్కువగా చీలి చిన్నవైపోతాయి, పూయడం మానేస్తాయి. పైన చెప్పిన ముక్కల పద్ధతి డాఫోడిల్‌కూ పనిచేస్తుంది. తులిప్‌లో పాత దుంప ఏటా కరిగిపోయి దాని చోట కొత్తవి వస్తాయి. పెద్దది మరుసటి ఏడు పూస్తుంది, చిన్నవాటికి రెండు మూడేళ్లు ఆగాలి.

పంచేటప్పుడు

మూడో ఏడాదికి మీ కుండీలు నిండిపోతాయి, దుంపలు అడిగేవాళ్లు కూడా వస్తారు. విశ్రాంతిలో ఉన్న దుంపలు ఇవ్వడం అందరికీ తేలిక. నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టి, వేర్లతోనే న్యూస్‌పేపర్లో చుట్టండి. ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే చెమ్మ పట్టి దారిలోనే బూజు వస్తుంది. రంగు, రకం దుంప మీదే మార్కర్‌తో రాయండి, పేపరు పోతుంది, దుంప పోదు. ఇంకొకటి తప్పనిసరిగా చెప్పి ఇవ్వండి: ఈ దుంపలో లైకోరిన్ అనే విషం ఉంటుంది, తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి, కుక్కలకూ పిల్లులకూ కూడా ప్రమాదమే. పొట్టు తీసిన దుంప చూడ్డానికి అచ్చం ఉల్లిగడ్డే. కాబట్టి నాటేదాకా వంటింట్లో కాకుండా, పిల్లలకు అందని చోట, పొట్లం మీద ‘తినేది కాదు’ అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టమనండి.